చలికి మొరాయించే బండి – కార్బొరేటర్ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయవలసిందిగా మన సంఘ కార్యవర్గం వారు కోరారు. రాజుల గురించీ, కోటల గురించీ రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు చరిత్ర రాద్దామని నిశ్చయించుకున్నాను. ఆ వస్తువు పేరు కార్బొరేటర్. మన సభ్యులలో బులెట్టో, జావాయో, ఎజ్డీయో, రాజ్‌దూతో నడిపినవారు తక్కువమంది కారు. చలికాలం పొద్దున్నే ఆఫీసు వేళకు బండి మొరాయించి, ఇరవై కిక్కులు కొట్టి, చొక్కా తడిసి, చివరకు పక్కింటి కుర్రవాళ్లను పిలిచి తోయించుకున్న అనుభవం వారందరికీ ఉండే ఉంటుంది.

ఇప్పటి పిల్లలకు ఆ బాధ తెలియదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. దానితో కొత్త మోటారు సైకిళ్లలో దాదాపుగా కార్బొరేటర్ పోయి, కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు వచ్చింది. బటను నొక్కితే చాలు. సంతోషమే. కానీ పాత బండ్లు ఇంకా ఎన్నో ఇళ్లలో గోనెపట్టా కింద ఉన్నాయి. వాటిని స్టార్టు చేసే విద్య మాత్రం మన తరంవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. అది మనతోనే పోతే మంచి బండి పాత ఇనుము కింద పోతుంది. ఈ వ్యాసం రాయడంలో నా ఉద్దేశం అదే.

కాలేది పెట్రోలు కాదు, ఆవిరి

అసలు చలికి బండి ఎందుకు మొరాయిస్తుంది? అది రోగం కాదు, ప్రకృతి ధర్మం. ద్రవరూపంలో ఉన్న పెట్రోలు ఇంజనులో మండదు. ఆవిరై గాలిలో కలిసినదే మండుతుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఈ లెక్క సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు లోపలికి వెళ్లిన పెట్రోలులో చాలా భాగం ఆవిరి కాకుండా గోడలకు తడిగా అంటుకుంటుంది. అంటే లెక్కకు పెట్రోలు ఇచ్చినట్టే ఉంటుంది గానీ ఖర్చుకు అందదు. బడ్జెటు మంజూరై ట్రెజరీలో బిల్లు పాసు కాకపోవడం లాంటిది. అందువల్ల చలిలో మామూలుకన్నా బాగా ఎక్కువ పెట్రోలు ఇస్తే తప్ప తగినంత ఆవిరి పుట్టదు.

పెట్రోలు ఒక్క పదార్థం కూడా కాదు. అనేక నూనెల మిశ్రమం. అందులో కొన్ని సుమారు 35 డిగ్రీలకే మరుగుతాయి, కొన్ని 200 డిగ్రీల దాకా మరగవు. చలిలో మొదటి నిప్పు అందుకునేవి ఆ తేలికపాటి భాగాలే. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంటే ముందుగా ఎగిరిపోయేవి కూడా అవే. నిలవ పెట్రోలుతో బండి స్టార్టు కాకపోవడానికి ఇదే కారణం.

ఫ్లిట్ పంపు సూత్రం

జర్మనీలో 1885లో డైమ్లర్, మేబాఖ్ అనే ఇద్దరు ఇంజనీర్లు చెక్క చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి ద్విచక్ర వాహనం తయారుచేశారు. మోటారు సైకిల్ వంశానికి దాన్నే మూలపురుషుడిగా చెప్పుకుంటారు. అందులో కార్బొరేటర్ అంటే ఒక డబ్బా మాత్రమే. డబ్బాలోని పెట్రోలు పైనుంచి గాలిని పోనిస్తే, ఆ గాలి ఎంత ఆవిరిని పట్టుకుంటే అంతే ఇంజనుకు అందేది. ఎండలో ఎక్కువ, చలిలో తక్కువ. అమ్మకానికి ఎక్కువ సంఖ్యలో తయారైన మొదటి మోటారు సైకిల్, 1894 నాటి హిల్డెబ్రాండ్ - వోల్ఫ్‌ముల్లర్‌కు కూడా ఇటువంటి కార్బొరేటరే ఉండేది.

ఈలోగా 1893లో మేబాఖ్ సన్నని రంధ్రం గుండా పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బొరేటర్‌ను తయారుచేశాడు. అదే సంవత్సరం హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు అదే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. దీని వెనుక ఉన్న శాస్త్రం అంతకన్నా పాతది. ప్రవాహం వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని 1738లో బెర్నూలీ గ్రంథస్తం చేశాడు. ఇరుకైన గొట్టంలో ప్రవాహం ఎలా ఉంటుందో 1797లో ఇటలీ దేశస్థుడు వెంచూరి వివరించాడు. మన ఇళ్లలో దోమల మందు కొట్టిన ఫ్లిట్ పంపు గుర్తుందా? పంపు తోసినప్పుడు గాలి జోరుగా పోతూ, కింది డబ్బాలోని మందును పైకి లాగి తుంపరగా చేస్తుంది. కార్బొరేటర్ అంతే. ఇంజను పీల్చే గాలి ఇరుకు మెడలో వేగంగా పోతుంది, కింది గిన్నెలోని పెట్రోలు జెట్టు ద్వారా పైకి వస్తుంది. గిన్నెలో మట్టం తగ్గకుండా ఒక తేలుడు బుడ్డి, అంటే ఫ్లోటు, కాపలా కాస్తుంది.

ఇక్కడే చలి సమస్య రెట్టింపవుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలి జోరుగా ఉంటుంది. కాలితో కిక్కు కొట్టినప్పుడు ఇంజను తిరిగేది నెమ్మదిగా, అదీ రెండు మూడు చుట్లు. పెట్రోలును లాగేంత జోరు ఉండదు. ఎక్కువ పెట్రోలు కావలసిన వేళకే తక్కువ అందుతుంది. ఆ లోటును ఎవరు పూడ్చాలి? సుమారు వంద సంవత్సరాల పాటు దానికి జవాబు ఒక్కటే: బండి నడిపే మనిషి.

మనిషి చేతికి ఇచ్చిన మూడు పనిముట్లు

మొదటిది టిక్లర్. కార్బొరేటర్ మీద ఉండే చిన్న బొడిపె. దాన్ని నొక్కితే ఫ్లోటు కిందికి దిగి, గిన్నె నిండి, పెట్రోలు పైకి పొర్లుతుంది. వేలికి తడి తగిలితే చాలని పాత మిస్త్రీలు చెప్పేవారు. రెండవది చోక్. అంటే గొంతు నొక్కడం; గాలి దారిని మూసి పెట్రోలు పాలు పెంచడం. తరువాతి కార్బొరేటర్లలో గాలిని మూయకుండా, స్టార్టింగుకే వేరే సన్నని దారి పెట్టారు. ఆ రకానికి చోక్ వేసినప్పుడు యాక్సిలరేటరు తిప్పకూడదు. తిప్పితే ఆ దారిలో పీల్చే బలం తగ్గి చోక్ వేసీ ప్రయోజనం ఉండదు. చాలామంది చోక్ వేసి, యాక్సిలరేటరు కూడా పూర్తిగా తిప్పి కిక్కు కొడతారు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్లే. మూడవది హ్యాండిల్ మీద ఉండిన నిప్పు వేళను వెనక్కు జరిపే లివరు. అది మరచిపోతే ఇంజను ఎదురు తన్నేది. ఆ పని తరువాత యంత్రమే తనంతట తాను చేసుకోవడం మొదలుపెట్టింది.

కిక్కు కూడా మొదటినుంచీ లేదు. తొలి బండ్లను సైకిలులా తొక్కో, పరుగెత్తి తోసో లేపేవారు. 1908 ప్రాంతంలో ఇంగ్లండులో స్కాట్ అనే ఆయన కాలితో కొట్టే స్టార్టరు తెచ్చాడు. కార్లకు ముందు హ్యాండిల్ తిప్పి, అది ఎదురు తిరిగి చేతులు విరగ్గొట్టుకునే రోజుల్లో, 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు కరెంటు స్టార్టరు వచ్చింది. మన మోటారు సైకిళ్లకు మాత్రం చాలాకాలం కాలే గతి అయింది.

మన దేశంలో

1927లో ఇంగ్లండులోని మూడు కార్బొరేటర్ కంపెనీలు కలిసి ఏమల్ అనే సంస్థగా ఏర్పడ్డాయి. ఆ దేశపు మోటారు సైకిళ్లలో అధికభాగం ఆ కార్బొరేటర్‌తోనే నడిచాయి. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఇంగ్లండు కంపెనీ ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో బులెట్టు తయారీ ఆరంభమైంది. మైసూరులో 1961 నుంచి జావా తయారైంది. ఆ తరువాత అదే ఎజ్డీ అయింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. పోలెండు నమూనాతో రాజ్‌దూత్ వచ్చింది. 1985లో మద్రాసులో యూకాల్ సంస్థ జపానువారి మికూని సహకారంతో ఏర్పడింది. మిక్‌కార్బ్ పేరుతో వచ్చిన ఆ కార్బొరేటర్లు మన బండ్లకు సర్వసాధారణం అయ్యాయి.

ఒక్కో బండిది ఒక్కో స్వభావం. జావాకు గేరు లివరే కిక్కు లివరు. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు అవుతుంది. అది టూ-స్ట్రోక్ కనుక పెట్రోలులో నూనె కలపాలి. రాత్రి పెట్రోలు ఆవిరై నూనె మిగిలిపోతే పొద్దున ప్లగ్గు జిడ్డు కడుతుంది. బులెట్టుది 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 346 సి.సి. ఒక్క సిలిండరు. పాయింట్లు ఉన్న పాత బులెట్టుకు అమీటరే గురువు. తాళం తిప్పి కిక్కును మెల్లగా దించుతూ అమీటరు ముల్లును చూడాలి. ముల్లు ఒక పక్కకు వాలి, పాయింట్లు విడిపోగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెసర్ లివరు నొక్కి పిస్టనును కొంచెం దాటించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు కిక్కు. బలంతో పనిలేదు, వరుస తెలిస్తే చాలు.

నేను 1981లో ప్రభుత్వ మోటారు సైకిల్ అడ్వాన్సుతో పాత బులెట్టు ఒకటి కొనుక్కున్నాను. వాయిదాలు తీరేలోపే విశాఖ ఏజెన్సీలోని పాడేరుకు బదిలీ అయింది. మైదానంలో ఆ బండి చలికి మొరాయించడం నేను ఎరుగను. పాడేరులో డిసెంబరు పొద్దున మాత్రం అది వేరే బండి. పొగమంచులో సీటు మీద నీళ్లు కారేవి. ఇంజను నూనె చిక్కబడి కిక్కు బరువెక్కేది, క్లచ్ ప్లేట్లు అంటుకుపోయేవి, ఆరు వోల్టుల బ్యాటరీ నీరసించేది. ఆ కొండమీది మిస్త్రీ ఒకాయన, పాత లారీల మీద పని నేర్చినవాడు, నాకు ఒక మాట చెప్పాడు: “బాబూ, కోపంతో కొట్టిన కిక్కుకి బండి పలకదండి.” నా సర్వీసులో నేను విన్న మంచి సలహాలలో అది ఒకటి.

ఫైలు చూసినట్లు చూడాలి

బండి మొరాయిస్తే చాలామంది ముందుగా ఖరీదైన భాగాన్ని అనుమానిస్తారు. మనం ఆఫీసులో నేర్చుకున్నది దానికి విరుద్ధం. ఫైలులో తేడా వస్తే ముందు తపాలా తేదీ, తరువాత ఆవకజావకల రిజిస్టరు, ఆ తరువాతే పై అధికారి ఉత్తర్వు చూస్తాం. బండికీ అదే వరుస.

ఒకటి, పెట్రోలు. ట్యాంకులో ఉన్నది ఎన్నాళ్లనాటిది? వాసన మారి వార్నిషులా ఉంటే తీసి పారబోసి తాజాది పోయాలి. ట్యాపు తెరిచి గొట్టం విప్పితే ధారగా వస్తున్నదా, బొట్లుబొట్లుగానా? ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు దిగదు.

రెండు, ప్లగ్గు. పది కిక్కుల తరువాత ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడంలేదు. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పు సరిగా లేదు; లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి. పెట్రోలు ఎక్కువై మునిగితే, చోక్ తీసి, ట్యాపు కట్టి, తాళం ఆపి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి నాలుగైదు కిక్కులు కొడితే లోపలి తడి ఆరుతుంది.

మూడు, నిప్పు. ప్లగ్గును ఇంజనుకు ఆనించి చూస్తే నీలంగా, చటుక్కున కొట్టాలి. ఎర్రగా, నీరసంగా ఉంటే బ్యాటరీ, పాయింట్లు చూడాలి. పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఈ పరీక్ష చేసేముందు చుట్టుపక్కల ఒలికిన పెట్రోలు తుడిచివేయాలి, ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి.

నాలుగు, పైలట్ జెట్టు. చలి ఉదయాల కష్టాల్లో నా అనుభవంలో ఎక్కువభాగం దీనివల్లే. ఐడ్లింగుకూ స్టార్టింగుకూ పెట్రోలు ఇచ్చే ఈ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. బండి నిలబడి ఉన్నప్పుడు గిన్నెలో పెట్రోలు ఎండి జిగురై దీన్ని మూసేస్తుంది. దీన్ని ఇనుప తీగతో పొడవకూడదు. రంధ్రం పెద్దదై లెక్క తప్పుతుంది. పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టాలి.

అయిదు, దొంగ గాలి. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు పగిలితే, గ్యాస్కెటు పోతే, చోక్ ఎంత వేసినా బయటి గాలి దూరి మిశ్రమాన్ని పలచన చేస్తుంది.

ఈ అయిదూ చూసిన తరువాతే ట్యాపెట్లు, వాల్వులు, బోరు. ఇక, చలికి ఇంజను కింద మంట పెట్టి వేడిచేసే అలవాటు కొందరికి ఉండేది. పెట్రోలు బండి దగ్గర ఆ పని ఎంతమాత్రం కూడదు.

మారిన పెట్రోలు

పాత బండ్లకు ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి వచ్చింది. మన పెట్రోలులో ఇథనాల్ కలపడం 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం లక్ష్యాన్ని 2025లో చేరుకున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. దిగుమతుల ఖర్చు తగ్గించడం, చెరకు, ధాన్యం రైతుకు గిరాకీ కల్పించడం దాని ఉద్దేశం. దాన్ని తప్పుపట్టడం నా పని కాదు. అయితే ఇథనాల్ గుణం తెలుసుకోవాలి. అది 78 డిగ్రీలకు గాని మరగదు. ఆవిరి కావడానికి పెట్రోలుకన్నా రెట్టింపు పైగా వేడి కావాలి. దానిలోనే ఆక్సిజన్ ఉంది కనుక పాత జెట్టుతో మిశ్రమం పలచనవుతుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు భాగాలను మెత్తబరుస్తుంది. 1979లో బ్రెజిల్ దేశంలో పూర్తిగా ఆల్కహాలుతో నడిచే ఫియట్ 147 కారు వచ్చినప్పుడు, చలిలో స్టార్టు చేయడానికి విడిగా చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టవలసి వచ్చింది. చలి సమస్య కొత్త వేషంలో మళ్లీ వచ్చిందన్నమాట. కాబట్టి పాత బండికి గొట్టాలు మార్చడం, రెండు మూడు వారాలకు మించి పెట్రోలు నిలవ ఉంచకపోవడం, ఆపేముందు ట్యాపు కట్టి గిన్నె ఖాళీ చేయడం అలవాటు చేసుకోవాలి.

ఛార్జి అప్పగింత

మా ఆఫీసులోనే పనిచేసి రిటైరైన మిత్రుడొకరు కొద్దికాలం కిందట కాలం చేశారు. వారి 1972 మోడలు బులెట్టు తొమ్మిది నెలలు అలాగే నిలబడిపోయింది. సెలవు మీద వచ్చిన అబ్బాయి ఒక మెకానిక్‌కు చూపిస్తే, బోరు పోయింది, ఇంజను మొత్తం విప్పాలన్నాడట. అంత ఖర్చెందుకని తూకానికి అమ్మేశారు. కొనుక్కుపోయిన చోట ఒక కుర్రవాడు పైలట్ జెట్టు కడిగి, తాజా పెట్రోలు పోసి మూడో కిక్కుకు స్టార్టు చేశాడు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న బండిని ‘వి.ఏ.’ అక్షరాలున్న ప్రత్యేక నంబరుతో వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. అలాంటి బండి తూకానికి పోయింది. ఆ చెల్లెమ్మ నాతో, “ఆయన బండి చప్పుడు వింటూ పొయ్యి మీద పాలు పెట్టేదాన్ని అన్నయ్యగారూ. అది ఎట్లా స్టార్టు చేస్తారో ఒక్కనాడూ ఎవరం అడగలేదు” అన్నది. నేను ఏమీ చెప్పలేకపోయాను.

మనం బదిలీ అయినప్పుడు ఛార్జి ఎలా అప్పగించేవాళ్లం? బీరువా తాళాలతోపాటు జాబితా రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఏ రిజిస్టరు ఎక్కడున్నదో వేలు పెట్టి చూపించి వచ్చేవాళ్లం. బండిని మాత్రం తాళం ఇచ్చి ఊరుకుంటాం. డెబ్బై దాటిన మోకాళ్లతో బులెట్టు కిక్కు కొట్టడం డాక్టరు ఒప్పుకునే పని కాదు. నేను మానేశాను. ఇప్పుడు కిక్కు మా మనవడిది, అమీటరు చూసి చెప్పడం నాది. పైన చెప్పిన అయిదు అంశాలూ ఒక తెల్లకాగితం మీద రాసి, దానికి తోడు మా బండి ప్రత్యేక స్వభావం – చోక్ ఎన్ని క్షణాలు, నూనె ఏది, జెట్టు ఎప్పుడు కడిగాం – అన్నీ చేర్చి టూల్‌బాక్సులో పెట్టాను. వాడు చదివి, “తాతయ్యా, ఇది సర్వీసు రిజిస్టరులా ఉంది” అన్నాడు. అవును, అదే.

సభ్యులందరికీ నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పాత బండి ఉంటే, అది మోటారు సైకిలే కానక్కరలేదు, కుట్టు మిషనైనా, నీళ్ల మోటారైనా సరే, దాని పద్ధతి తెలిసినవారు మీరొక్కరే అయితే, ఈ చలికాలంలోనే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఒక కాగితం మీద రాసి ఉంచండి. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే ఆ పనీ పెట్టుకుంటే మరచిపోకుండా ఉంటారు.